టెక్కలి కుర్రాడి పేరు ఎంత దూరం వినబడుతుంది

సోంపేట అని పసుపు బోర్డు పెట్టుకున్న రైల్వే స్టేషన్ కంచిలిలో ఉంది. హౌరా లైన్లో ఏ రైలెక్కి వచ్చినా అక్కడ దిగి, ఆటో మాట్లాడుకుని అసలు సోంపేటకు పోవాల్సిందే. నేనూ అలాగే దిగాను. నిజానికి నాకు పని ఉన్నది టెక్కలిలో. పలాసలో దిగి బస్సెక్కితే సరిపోయేది. కానీ ఉద్దానం పైకొస నుంచి మొదలుపెట్టి కిందికి వస్తూ, ఒక కుర్రాడి పేరు ఎక్కడ వినబడుతుందో, ఎక్కడ వినబడదో చూడాలని బుద్ధి పుట్టింది.

ఆ కుర్రాడు త్రిపురాన విజయ్. టెక్కలివాడు. ఆఫ్ స్పిన్ వేస్తాడు, బ్యాటూ పట్టగలడు, ఆంధ్ర జట్టుకు ఆడతాడు. 2024 నవంబరు 24, 25 తేదీల్లో సౌదీ అరేబియాలోని జెడ్డాలో ఐపీఎల్ పెద్ద వేలం జరిగింది. ఆ రెండు రోజుల్లో 182 మంది ఆటగాళ్లు అమ్ముడుపోయారు. రిషబ్ పంత్‌కు 27 కోట్లు పెట్టి లక్నో తీసుకుంది. విజయ్‌ను ఢిల్లీ క్యాపిటల్స్ 30 లక్షలకు తీసుకుంది. ఆ వేలంలో అంతకంటే తక్కువ ధర ఎవరికీ లేదు. పంత్ ధరలో సరిగ్గా తొంభయ్యో వంతు. అయినా మా జిల్లా పేజీలో పంత్ ఫొటో రాలేదు, విజయ్‌ది వచ్చింది. ఆ కుర్రాడి సంగతి నాకు తెలిసింది అలాగే.

కంచిలి ఆటో అతనికి మాత్రం తెలియలేదు.

"విజయంటే ఎవులు బాబూ, దేవరకొండ విజయా?"

"కాదు, క్రికెట్ ఆడే అబ్బాయి. టెక్కలి."

"టెక్కలా? టెక్కలి మాకేటి తెలుస్తాది. మాదంతా ఇచ్ఛాపురం వైపు."

టెక్కలి, కంచిలి రెండూ ఒకే జిల్లా, ఒకే హైవే మీద ఉన్న ఊళ్లు. అయినా అతని లోకానికి పలాస చివరి మజిలీ. పెళ్లిళ్లూ వైద్యమూ సరుకులూ అన్నీ బరంపురం వైపే నడుస్తాయి. ఒడిశాలో ఉన్నా బరంపురం వీళ్లకు పొరుగూరే, టెక్కలి మాత్రం దూరం. పేరు ఎంత దూరం పోతుందన్నది కిలోమీటర్లతో తేలే లెక్క కాదని అక్కడే అర్థమైంది.

సోంపేటకున్న పేరు వేరే రకం. 2010 జులై 14న బీల భూముల్లో థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దన్న జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఇద్దరు చనిపోయారు. ఆ మర్నాడు సోంపేట పేరు దేశంలోని పత్రికలన్నిటా అచ్చయింది. ప్లాంటు రాలేదు. వానాకాలం నీళ్లు నిలిచి, చేపలూ వరీ రెండూ ఇచ్చే ఆ తడి నేల ఇవాళా అలాగే ఉంది. ఉద్దానం అనగానే బయటివాళ్లకు ముందు గుర్తొచ్చేది కిడ్నీ జబ్బు, ఆ తర్వాత 2018 అక్టోబరు 11 నాటి తిత్లీ తుపాను. కొబ్బరి, జీడి, పనస ఇంత పచ్చగా ఒకేచోట పెరిగే నేలకు ఆసుపత్రి వార్డుల వల్ల పేరొచ్చింది. ఇలాంటి చోట ఒక కుర్రాడు ఆటతో పేపరుకెక్కడం చిన్న విషయం కాదనే నా నమ్మకం. ఆ నమ్మకం ఈ దారిలో ఎంతమందికి ఉందో చూద్దామనే వచ్చాను.

సాయంత్రానికి బారువ తీరానికి చేరాను. సంక్రాంతి టోర్నమెంట్ల వేడి ఇంకా తగ్గలేదు. తడి ఇసుకలో పిల్లలు టెన్నిస్ బంతితో ఆడుతున్నారు. కొబ్బరి మట్టలు పాతి వికెట్లు చేశారు. ఒకడు చెయ్యి వంచకుండా, నత్తలా నడిచొచ్చి చివర్లో ఒక్కసారిగా విసురుతున్నాడు. బుమ్రా అన్నమాట. ఇంకొకడు బ్యాటు తిప్పి కోహ్లీలా నిలబడ్డాడు. ఆఫ్ స్పిన్ ఎవరైనా వేస్తారా అని అడిగితే అందరూ నవ్వారు.

"తడిసిన ఇసకలో బంతి తిరగదు సార్. పైగా స్పిన్ వేస్తే సముద్రంలోకి కొడతారు. బంతి పోతే కొట్టినోడు కొనాల. దాంతో ఆట ఆగిపోద్ది."

స్పిన్నర్లు ఎందుకు తక్కువమందో ఇంతకంటే సూటిగా ఏ కామెంటేటరూ చెప్పగా వినలేదు. ఆ గుంపులో పొట్టివాడొకడు మాత్రం విజయ్ పేరు చెప్పగానే తల తిప్పాడు. "టెక్కలి అన్న. ఢిల్లీలో ఉన్నాడు" అన్నాడు. మిగతావాళ్లు వాణ్ణి అనుమానంగా చూశారు. వాడి మేనమామ ఇల్లు టెక్కలిలోనట.

మర్నాడు పలాస బస్సులో పక్క సీట్లో కవిటి వైపు నుంచి వస్తున్న డిగ్రీ కుర్రాడు కూర్చున్నాడు. ఫోన్ అడ్డంగా పట్టుకుని ఫుట్‌బాల్ గేమ్ ఆడుతున్నాడు. ఒకచోట గోల్ పడ్డప్పుడు "కుబో!" అని అరిచి, చుట్టూ చూసి సిగ్గుపడ్డాడు.

"ఎవరతను?"

"జపాన్ ప్లేయర్ సార్. నా టీమ్‌లో రైట్ వింగ్. ఎడం కాలితో లోపలికి కట్ చేస్తాడు."

"మ్యాచ్‌లు చూస్తావా?"

"లేదు సార్. అంతా ఫోన్లోనే."

టాకెఫుసా కుబో గురించి నాకు కొంత తెలుసు. 2001లో కవాసాకిలో పుట్టాడు. పదేళ్లకే బార్సిలోనా వాళ్ల అకాడమీలో చేరాడు. విదేశీ మైనర్లను చేర్చుకునే నిబంధనలు ఆ క్లబ్బు ఉల్లంఘించిందని ఫిఫా శిక్ష వేయడంతో మ్యాచ్‌లాడే వీల్లేక 2015లో జపాన్‌కు తిరిగొచ్చాడు. 2019లో రియల్ మాడ్రిడ్ కొన్నప్పుడు ప్రపంచమంతా అతని గురించి మాట్లాడుకుంది. ఆ తర్వాత మూడేళ్లూ అరువు బతుకే. మయోర్కా, వియ్యారియల్, హెటాఫే అంటూ ఊరూరా తిరిగాడు. మాడ్రిడ్ చొక్కాతో ఒక్క అధికారిక మ్యాచ్ కూడా ఆడలేదు. 2022లో మాడ్రిడ్ వదిలి రియల్ సోసియెదాద్‌కు వెళ్లాడు. కాదిజ్‌తో ఆడిన మొదటి లీగ్ మ్యాచ్‌లోనే గెలుపు గోల్ కొట్టాడు. పెద్ద చొక్కా తొడుక్కున్నందుకు వచ్చిన పేరు ఒకటి, చిన్న ఊళ్లో గోల్ కొట్టి తెచ్చుకున్న పేరు ఒకటి. రెండూ ఒకే మనిషివి. అసలు బరువు రెండోదానిదే. అయినా మొదటిది లేకుంటే కవిటి కుర్రాడి ఫోన్ దాకా ఆ పేరు వచ్చేదా అన్నది నాకు అనుమానమే.

అంత పేరున్నవాడైనా సొంత దేశంలో రెండో వరసే. 2025 మార్చి 18, 19 తేదీల్లో టోక్యోలో అమెరికా బేస్‌బాల్ సీజన్ మొదలైంది. జపాన్‌వాడే అయిన బేస్‌బాల్ వీరుడు ఒతాని తన డాడ్జర్స్ జట్టుతో వచ్చాడు, ఊరు ఊరంతా అతని వెనకే పడింది. ఆ మర్నాడే, మార్చి 20న, సైతామాలో జపాన్ 2–0తో బహ్రెయిన్‌ను ఓడించి 2026 ప్రపంచ కప్‌కు అర్హత సాధించింది. ఆతిథ్య దేశాలను పక్కన పెడితే అర్హత దక్కించుకున్న మొట్టమొదటి జట్టు అదే. రెండో గోల్ కుబోది. మరో దేశంలోనైతే వారమంతా ఆ గోల్ ముచ్చటే నడిచేది. అక్కడ ఒతానితో పంచుకోక తప్పలేదు.

కవిటి కుర్రాణ్ణి ఇంకోటి అడిగాను. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మనం జపాన్‌ను 2–0తో ఓడించామని తెలుసా అని. నమ్మలేదు. ఆ రెండు గోల్స్‌లో ఒకటి సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్‌ది. కోచ్ హైదరాబాదీ ఎస్.ఎ.రహీమ్. ఆ ఏడు ఫైనల్లో దక్షిణ కొరియాను గెలిచి బంగారు పతకం తెచ్చారు. బలరామ్ 2023 ఫిబ్రవరిలో కలకత్తాలో పోయారు. రహీమ్ పేరు మళ్లీ జనం నోట పడడానికి 2024లో ఒక హిందీ సినిమా రావలసి వచ్చింది. కుర్రాడు ఫోన్లో వెతికి, నిజమేనని తేలాక, "అప్పట్లో గేమ్ ఉంటే బలరామ్ నా టీమ్‌లో ఉండేవాడు సార్" అన్నాడు. తన ఎరికలో అంతకు మించిన గౌరవం లేదు. మనస్ఫూర్తిగానే అన్నాడు.

టెక్కలి విజయ్ తెలుసా అంటే తెలియదన్నాడు. ఐపీఎల్ చూస్తాడట, చెన్నై అభిమానట. మన గుంటూరు షేక్ రషీద్ 2025లో ఆ జట్టులో ఉన్న సంగతి తెలుసు గాని అతనూ 30 లక్షలవాడేనని తెలీదు. 2022లో అండర్-19 ప్రపంచ కప్ గెలిచిన జట్టుకు రషీద్ వైస్ కెప్టెన్ అని నేను చెప్పాల్సొచ్చింది.

హరిపురం దగ్గర బస్సు ఆగింది. మందస కోవా పొట్లం ఒకటి కొన్నాను. ఈ దారిలో ఎవరినీ అడగక్కర్లేకుండా అందరికీ తెలిసిన పేరు అదొక్కటే. ఎడాపెడా జీడి తోటలు పూత మీదున్నాయి. పడమట మహేంద్రగిరి నీలంగా, ముసుగు తన్ని పడుకున్నట్టుంది.

పలాస–కాశీబుగ్గలో ఒక జీడి ఫ్యాక్టరీలోకి తీసుకెళ్లారు. పిక్కల్ని ఆవిరికి ఉడికించి, ఆరబెట్టి, కత్తెర బల్లల మీద పైడొక్క చీల్చి, పప్పుని వేడి గదిలో ఎండబెట్టి, ఆపైన సన్నటి ఎర్ర పొట్టు ఒలుస్తారు. ఈ పనిలో ఉన్నవాళ్లంతా ఆడవాళ్లే. డొక్కలోంచి కారే నూనె చేతులు కాల్చేస్తుందని వేళ్లకు బూడిద రాసుకుంటారు. చివర్లో గ్రేడింగ్. బల్ల మీద తెల్లటి పప్పు కుప్ప పోసుకుని ఒక పెద్దావిడ రెండు చేతులా వేరుచేస్తోంది. గుండు ఒకవైపు, బద్ద ఒకవైపు, ముక్క ఇంకోవైపు. గుండులో మళ్లీ 180, 240, 320. పౌనుకి ఎన్ని గింజలు తూగుతాయన్నదాన్ని బట్టి ఆ నంబర్లు. గింజ ఎంత పెద్దదైతే నంబరు అంత చిన్నది, ధర అంత పెద్దది. కొలిచే పరికరం ఏదీ లేదు. చూపూ వేళ్లూ చాలు.

"తప్పు పడదా అమ్మా?"

"ఎందుకు పడదు బాబూ. 320లో 240 గింజ ఎల్లిపోతాది ఒకోసారి. కొన్నోడికి అదృష్టం. నాకు తిట్లు."

జెడ్డా వేలం కూడా ఇలాంటి బల్లేననిపించింది. ముందే ఒక నంబరు వేస్తారు. 30 లక్షల గ్రేడులో పడ్డ గింజ నిజంగా ఏ సైజుదో బల్ల మీద తెలియదు, మైదానంలో తెలియాలి. మైదానంలోకి దింపితే గదా తెలిసేది. ఆ ఏడు 30 లక్షల వరసలో ఆంధ్రావాళ్లు ఇంకా ఉన్నారు. విశాఖ పైలా అవినాష్‌ను పంజాబ్ తీసుకుంది, సత్యనారాయణ రాజును ముంబై తీసుకుంది. వీళ్లందరి పక్కన విశాఖ నితీశ్ కుమార్ రెడ్డిని పెట్టి చూడండి. సన్‌రైజర్స్ అతన్ని 6 కోట్లకు అట్టిపెట్టుకుంది. వేలం ముగిసి నెల దాటగానే మెల్‌బోర్న్‌లో టెస్టు సెంచరీ కొట్టాడు, 114. శ్రీకాకుళం నుంచి గాజువాక దాకా ఫ్లెక్సీలు లేచాయి. పేరు రావడానికి అదీ ఒక దారి. అందరికీ అలా కుదరదు.

విజయ్ సంగతికొస్తే దగ్గరదాకా వచ్చింది. 2025లో ఢిల్లీ జట్టు తన సొంత మ్యాచ్‌లలో రెంటిని విశాఖలో పెట్టుకుంది. మార్చి 24న లక్నోతో, 30న హైదరాబాద్‌తో. సైతామాలో కుబో గోల్ పడిన నాలుగో రోజున మొదటిది. ఉత్తరాంధ్ర కుర్రాడు, ఉత్తరాంధ్ర మైదానం, ఢిల్లీ చొక్కా. ఇంతకంటే మంచి ముహూర్తం ఎవరు పెట్టగలరు? రెండు మ్యాచ్‌లలోనూ తుది జట్టులో అతని పేరు లేదు. మొదటి మ్యాచ్‌లో ఓడిపోయిన ఆటను అశుతోష్ శర్మ 31 బంతుల్లో 66 కొట్టి ఒక్క వికెట్ తేడాతో గెలిపించాడు. స్పిన్ వేసే విప్రాజ్ నిగమ్ 15 బంతుల్లో 39 చేశాడు. ఆ రాత్రికి రాత్రి వాళ్లిద్దరి పేర్లూ దేశమంతా పాకాయి. విప్రాజ్ చేసే పనీ స్పినూ బ్యాటూ, మనవాడు చేసే పనీ స్పినూ బ్యాటూ. ఒక జట్టులో ఆ పనికి ఒక చోటే ఉంటుంది. దీనికి ఎవర్నీ తప్పుపట్టలేం, కానీ మనవాళ్ల గ్యాలరీలో కూర్చున్న ఎవరికైనా కాస్త చివుక్కుమనక మానదు.

టెక్కలి బస్సులో పాత పేర్లు గుర్తొచ్చాయి. ఈ జిల్లాకు బలం మీద పాత మోజు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకున్నాడనీ, గొలుసుతో కార్లను ఆపాడనీ ఇప్పటికీ చెప్పుకుంటారు. 1942లో ఆయన పోయారు, శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. వీరఘట్టం మాత్రం 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లిపోయింది. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట కరణం మల్లీశ్వరి సంగతి వేరే చెప్పాలా? 1994, 95 ప్రపంచ ఛాంపియన్. 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130, మొత్తం 240 కిలోలెత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ. తర్వాత హర్యానా కోడలై యమునానగర్‌లో స్థిరపడింది. 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ చాన్సలర్ అయింది. ఆ పేరు మన దగ్గర పుట్టి అక్కడ కాపురం పెట్టింది. బస్సులో నా వెనక సీటు స్కూలు పిల్లల్ని అడిగితే మల్లీశ్వరి తెలుసు గాని ఆమెది ఏ ఊరో చెప్పలేకపోయారు. పాఠంలో ఉందట.

టెక్కలి పొలిమేరలో పాలిష్ పట్టిన నీలి గ్రానైట్ పలకలు ఎండలో మెరుస్తూ లారీల మీద ఎదురొచ్చాయి. ఈ ఊరు పెద్ద పేర్లను చూడనిది కాదు. 1994లో ఎన్.టి.రామారావు హిందూపురంలోనూ ఇక్కడా నిలబడి రెండు చోట్లా గెలిచి, హిందూపురాన్ని ఉంచుకున్నారు. అయినా ముచ్చట చెప్పుకోవడంలో టెక్కలివాళ్లు వెనకడుగు వెయ్యరు. ఆటో స్టాండులో విజయ్ పేరు ఎత్తితే చాలు, ఐదారుగురు పోగయ్యారు. ఇంతదాకా దారంతా నేను అడుగుతూ వచ్చాను. ఇక్కడ నన్ను అడగడం మొదలుపెట్టారు. మీరు పేపరా, టీవీయా? అతన్ని ఢిల్లీవాళ్లు 2026కీ ఉంచుకున్నారు, తెలుసా? తెలుసన్నాను. ఒకాయన తన ఫోన్లో దాచుకున్న క్లిప్పింగ్ చూపించాడు. ఇంకొకాయన, మా వీధి వెనక గ్రౌండులో ఆడేవాడు, నేను ఫీల్డింగ్ చేశాను అన్నాడు. పక్కవాడు వెంటనే, "నువ్వెప్పుడు సేసినావురా, నీ వయసెంత, ఆడి వయసెంత?" అని పట్టుకున్నాడు. చిన్న గొడవైంది. పేరున్నవాడితో ఏదో ఒక చుట్టరికం కలుపుకోవాలనే తాపత్రయం పేరు పెరిగేకొద్దీ పెరుగుతుందేమో. వచ్చే ఏడు ఫీల్డింగ్ చేశామనేవాళ్లు ఇంకా ఎక్కువమంది దొరుకుతారని నా అంచనా.

టీ కొట్టు యజమాని మాత్రం ఈ మాటలేవీ పట్టించుకోకుండా గ్లాసులు కడుగుతూ విన్నాడు. చివరికి నా గ్లాసు తీసుకుంటూ, "మాస్టారూ, రాస్తే ఒక్కటి రాయండి" అన్నాడు. "30 లక్షలా, 3 కోట్లా మాకొద్దు. ఈసారి వైజాగులో మ్యాచ్ పెడితే నాలుగు ఓవర్లు ఇమ్మనండి. పోతే నాలుగు సిక్సులు పోతాయి. మేం అందరం ఎల్తాం. బస్సు నేను మాట్లాడతాను."

బస్సు ఎక్కడ దొరుకుతుందో, మనిషికి ఎంత పడుతుందో అక్కడికక్కడే లెక్కలు మొదలయ్యాయి. నౌపడ నుంచి రైలైతే చవక అని ఒకడు, మ్యాచ్ అయ్యేసరికి రైలుండదని ఇంకొకడు.